మూడుసార్లు తట్టాలి

తలుపు తీయగానే ముందు గమ్ము వాసన పలకరించింది. ఎండిన తెల్ల గమ్ము, మైనపు క్రేయాన్లు, ఆరీ ఆరని గుడ్డలు, మూడూ కలిస్తే వచ్చే ఆ పులిసిన వాసన పసిపిల్లల ఆటగదిలో తప్ప ఇంకెక్కడా రాదు. గది మారింది. గోడల రంగు మారింది. కిటికీ కింద వరసగా ఉండే కొక్కేలు పోయి అరలొచ్చాయి. మూలనున్న చెక్క బీరువా మాత్రం అదే. దాని కింది అరలో, ఇక్కడ టీచర్లుగా ఉన్నప్పుడు మేం రాసిన నోటుపుస్తకాలు ఇంకా ఉన్నాయి, అట్టలు వంగిపోయి, అంచుల మీద ఎవరివో చిన్న చిన్న రంగు వేలిముద్రలతో.

ఆ పుస్తకాల్లో మా కబుర్లేమీ ఉండవు. రెండేళ్ళు నిండినవాళ్ళ దగ్గర్నుంచి ఆరేళ్ళ వాళ్ళ దాకా, ఆ గదిలో ఏ బిడ్డ ఎవరిని చూసి ఏం చేసిందో, అంతే. నేల మీదే కూర్చుని పేజీలు తిప్పుతుంటే కుర్చీలు లాగిన చప్పుళ్ళు, కొళాయి కింద చేతులు పెట్టి ఆడే నీళ్ళ చప్పుడు, పదకొండు గంటలకి పీటలు సర్దే హడావిడి ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి.

నాలుగు గళ్ళ పేజీ

"మనసులో ఏముందో మీకు తెలీదు. చేతులు ఏం చేశాయో రాయండి." కొత్తగా చేరిన టీచర్లకి పెద్ద టీచరుగారు మొదటిరోజు చెప్పే మాట ఇదొక్కటే. ‘పాపకి కోపం వచ్చింది’ అని రాస్తే గీత పెట్టి కొట్టేసేవారు. ‘బొమ్మని రెండుసార్లు నేలకేసి కొట్టింది, పళ్ళు బిగించింది, తలుపు వైపు చూసింది’ అని రాస్తే ఉంచేవారు.

పేజీని నిలువుగా నాలుగు గళ్ళు చేసేవాళ్ళం. మొదటి గడిలో టైము. రెండోదాంట్లో బిడ్డ ఆ క్షణాన ఎవరిని చూస్తోంది, దేన్ని చూస్తోంది. మూడోదాంట్లో చేసిన పని. నాలుగోదాంట్లో అన్న మాట, అన్నది అన్నట్టుగా, ముద్దుమాటలు దిద్దకుండా. ఒక్కో బిడ్డని ఒక విడతలో పది నిమిషాలే చూడాలి. అంతకు మించితే రాసేవాళ్ళ కన్ను అలిసిపోయి, జరగనివి కూడా జరిగినట్టు రాసేస్తుంది.

రెండో గడే ముఖ్యం. ఎప్పుడూ ఖాళీగా మిగిలిపోయేదీ అదే. ఎందుకంటే బిడ్డ ఏదో ఒక పని చేశాకే మన చూపు అటు తిరుగుతుంది. అప్పటికి ఆ పనిని ఎక్కడ చూసిందో ఆ ఘడియ దాటిపోయి ఉంటుంది. ఒక్కోసారి అది నిన్నటిది, ఒక్కోసారి పోయిన వారానిది. పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో పరిశీలించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే తన కూతురు జాక్లీన్ గురించి రాసిపెట్టిన సంగతి ఈ విషయంలో చాలా పనికొచ్చేది. ఆ పాపకి అప్పుడు ఏడాదీ నాలుగు నెలలు. చుట్టూ కటకటాలున్న ఆటదొడ్డిలోంచి బయటికి రావాలని ఓ పిల్లవాడు అరుస్తూ, దాన్ని తోస్తూ, కాళ్ళు నేలకేసి బాదాడు. అలాంటి పేచీ ఆ పాప అంతకు ముందు చూడలేదు. చూస్తూ నిలబడిపోయింది. అప్పుడేమీ చెయ్యలేదు. మర్నాడు తన ఆటదొడ్డిలో నిలబడి అలాగే అరిచి, అలాగే తోసి, కాలు నేలకేసి నెమ్మదిగా వరసగా కొన్నిసార్లు తట్టింది. ఆ ‘నెమ్మదిగా’ అన్న మాట చూడండి. ఒంట్లో కోపం లేదు, కోపం ఆకారం మాత్రమే ఉంది.

అందుకే రెండో గడి ఖాళీగా ఉంటే సిగ్గుపడొద్దనీ, వారం తర్వాత వెనక్కి తిప్పి చూసుకుని నింపమనీ చెప్పేవారు. అలా వెనక్కి తిప్పుతుంటేనే గమ్ము సంగతి బయటపడింది.

గమ్ము సీసా

అప్పట్లో గమ్ము గుండ్రటి ప్లాస్టిక్ సీసాల్లో వచ్చేది, పైన సన్నటి మూతితో. సగం అయిపోయాక సీసా తలకిందులు చేసినా గమ్ము తొందరగా దిగదు. అది చిక్కన కదా, అడుగునే కూర్చుంటుంది. గమ్ము పంచే టీచరు మూత బిగించి, సీసా తలకిందులుగా పట్టుకుని, బల్ల అంచు మీద మూడుసార్లు తట్టేది. టక్, టక్, టక్. గమ్ము మూతి దగ్గరికి జారేది. అప్పుడు మూత తీసి పిండేది. ఒక సీసా విషయంలో అది సరైన పనే. మూతిలో ఎండిపోయి అడ్డుపడితే మాత్రం ఎన్నిసార్లు తట్టినా లాభం లేదు. గోరువెచ్చటి నీళ్ళలో మూతి నానబెట్టి, గుండుసూదితో ఆ పొక్కు తియ్యాలి.

పది రోజులు తిరక్కుండా పిల్లలందరూ తట్టడం మొదలైంది. సగం సీసాలనే కాదు, నిండు సీసాలనీ. అప్పుడే తెరిచిన కొత్త సీసాలనీ. కొందరు నిలువుగా ఉన్న సీసానే, తలకిందులు చెయ్యకుండా, తట్టేవాళ్ళు. అంటే గమ్ము దించే భాగం పోయి చప్పుడు మాత్రం మిగిలింది. సంవత్సరం ఆఖరికి ఆ పిల్లలు పెద్దబడికి వెళ్ళిపోయారు. ఆ టీచరు కూడా వెళ్ళిపోయింది. తట్టడం వెళ్ళలేదు. కొత్తగా చేరినవాళ్ళు అప్పటికే ఉన్న నాలుగేళ్ళ వాళ్ళని చూసి పట్టేశారు.

ఎందుకు తడుతున్నావని అడిగితే వచ్చిన జవాబులు నాలుగో గడిలో ఉన్నాయి.

"గమ్ము పడుకుంది కదా, లేపాలి."

"తట్టకపోతే కాగితం అంటుకోదు."

"మూడే తట్టాలి. నాలుగు తడితే గమ్ము అలుగుతుంది."

ఇంకో బాబు అసలు ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయాడు. "అందరూ తడతారు టీచర్!"

వీటిలో ఏ ఒక్కటీ ఎవరూ వాళ్ళకి చెప్పలేదు. ఆ టీచరు నోట గమ్ము నిద్ర మాట ఎన్నడూ రాలేదు. తట్టడం చేతికి ముందు వచ్చేసింది. వచ్చాక, దానికో కారణం ఉండి తీరాలి కాబట్టి, ఎవరికి తోచింది వాళ్ళు అల్లుకున్నారు. పిల్లల నమ్మకాల్లో చాలావాటికి పుట్టుక ఇలాగే ఉంటుంది. నమ్మకం చెవిలోంచి వెళ్ళి చేతికి దిగుతుందని పెద్దలు అనుకుంటారు. పసిపిల్లల్లో దారి ఎక్కువగా చేతినుంచి నమ్మకానికి.

పెట్టె, చింపాంజీ

ఇది మా గది వింత కాదు. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ చేసిన ప్రయోగం ఒకటుంది. లోపల బహుమానం ఉన్న పెట్టె. పుల్లతో పైన పొడవాలి, తర్వాత ముందున్న చిన్న తలుపు తియ్యాలి, అలా చూపించారు. నిజానికి పైన పొడవడంతో ఏ పనీ లేదు. నల్ల పెట్టె అయినప్పుడు అది కనబడదు, చింపాంజీలూ పొడిచాయి, పిల్లలూ పొడిచారు. అదే పెట్టెని లోపల కనబడేలా పారదర్శకంగా చేసి ఇచ్చారు. చింపాంజీలు ఆ అనవసరపు పొడుపు మానేసి నేరుగా తలుపు తీశాయి. మూడు నాలుగేళ్ళ పిల్లలు మాత్రం ముందు పైన పొడిచి, ఆ తర్వాతే తలుపు తీశారు.

చింపాంజీ తెలివైనదీ, పిల్లలు మందమతులూ అని దీన్ని అర్థం చేసుకుంటే పొరపాటే. 2007లో డెరెక్ లయన్స్ బృందం ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. ఏ పని అవసరం, ఏది అనవసరం అని పిల్లలకి ముందే గుర్తుపట్టడం నేర్పి, అనవసరమైనవి చెయ్యొద్దని చెప్పి మరీ పెట్టె ఇచ్చారు. అయినా చేశారు. మనిషి చేతిలో కావాలని జరిగిన పని ఏదైనా సరే, అందులో ఏదో ప్రయోజనం ఉంటుందని పిల్లలు తీసుకుంటారు. ఆలోచిస్తే అది మంచి పందెమే. మనుషుల పనుల్లో సగం అలాంటివే కదా. సబ్బుతో చేతులు రుద్దితే ఏం పోతుందో ఏ బిడ్డకీ కనబడదు. ఏ మెట్టు ముఖ్యమో తేల్చుకునేదాకా ఆగితే ఏదీ నేర్చుకోలేరు. మొత్తం ఎత్తుకెళ్ళడమే వాళ్ళకి చవక. దాంతోపాటు మన టక్ టక్ టక్ కూడా వెళుతుంది.

గుడ్డిగా ఎత్తుకెళతారా అంటే అదీ కాదు. ఏడాదిన్నర నిండని పిల్లలు కూడా లెక్క చూస్తారు. 1988లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్ పద్నాలుగు నెలల పిల్లల ముందు వంగి, నుదుటితో ఒక పెట్టెని తాకి దీపం వెలిగించి చూపించాడు. వారం తర్వాత తీసుకొచ్చి ఆ పెట్టె ముందు కూర్చోబెడితే చాలామంది నుదుటితోనే తాకారు. 2002లో గెర్గెలీ, బెకరింగ్, కిరాయ్ దానికే చిన్న మార్పు చేశారు. నుదుటితో తాకే మనిషి చలి వేసినట్టు రెండు చేతులతో దుప్పటి పట్టుకుని ఉంటే నూటికి 21 మంది పిల్లలే నుదుటిని వాడారు. చేతులు ఖాళీగా బల్ల మీద ఉన్నా నుదుటినే వాడితే 69 మంది వాడారు. చేతులు ఖాళీగా ఉండి కూడా తల వాడిందంటే ఏదో ఉండే ఉంటుంది, అన్నట్టు.

మా పుస్తకాల్లో దీనికి ఎదురు నడిచే పేజీ ఒకటి దొరికింది. చేతుల నిండా దుప్పట్లు పట్టుకున్న టీచరు మోచేత్తో తలుపు నెట్టింది. ఆ వారంలో నాలుగేళ్ళ పిల్లలు ఐదుగురు ఖాళీ చేతులతోనే మోచేత్తో తలుపు నెట్టారు. రెండేళ్ళవాళ్ళు ఒక్కరూ నెట్టలేదు. వయసు పెరిగే కొద్దీ ఈ మక్కీకి మక్కీ తగ్గాలి కదా అనుకుంటాం. పెరుగుతుంది. చిన్నవాళ్ళకి పని జరగడం ముఖ్యం. పెద్దయ్యే కొద్దీ ఆ మనిషిలా ఉండడం కూడా ముఖ్యమవుతుంది.

డయల్ తిప్పే వేలు

ఉత్తుత్తి ఇంటి మూలన ఒక బొమ్మ టెలిఫోను ఉండేది. దాని డయల్ తిప్పితే గర్రుమని వెనక్కి తిరిగేది. ఆ చప్పుడు రోజంతా వినబడుతూనే ఉండేది. పిల్లలు రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో ఏదో పని చేస్తూ మాట్లాడేవాళ్ళు. తీగని వేలికి చుట్టుకునేవాళ్ళు. మధ్యమధ్య "ఆఁ... ఆఁ... సరే... ఊఁ" అనేవాళ్ళు, అవతలివాళ్ళు మాట్లాడేంత సేపు ఆగి మరీ. రెండున్నరేళ్ళ పాప కూడా ఆ ఆగడం తప్పేది కాదు. మాటలు ఇంకా సరిగ్గా రాని వయసులో సంభాషణకి సందు ఉండాలని ఎవరు చెప్పారు?

కొన్నేళ్ళకి డయల్ తిప్పే వేలు కనబడకుండా పోయింది. కొత్తగా వచ్చిన పిల్లలకి ఆ చక్రం ఏమిటో తెలీలేదు, దాని మీద మీటలున్నట్టు పొడిచేవాళ్ళు. ఆ తర్వాత బొమ్మ ఫోను అవసరమే లేకపోయింది. ఒక చెక్క ముక్క చాలు. అంతకు ముందు ఫోను మాట అంటే బొటనవేలు చెవి దగ్గర, చిటికెనవేలు నోటి దగ్గర పెట్టేవాళ్ళు. తర్వాతివాళ్ళు అరచెయ్యి చాపి చెంపకి ఆనించారు. ఆ తర్వాతివాళ్ళు చెక్క ముక్కని ముఖానికి ఎదురుగా పట్టుకుని దాని వైపు నవ్వారు. పెద్దల చేతులు ఎలా మారాయో ఏ మ్యూజియంలోనూ దొరకదు గానీ ఆ మూలన సరిగ్గా దొరికేది.

ఒకటి మాత్రం బాధగా రాసిన పేజీలున్నాయి. చెక్క ముక్క చూస్తూ, పక్కన బొమ్మ ‘ఏడుస్తుంటే’ తల ఎత్తకుండా "ఒక్క నిమిషం" అనే ఆట. మొదటిసారి ఒకరిద్దరు. తర్వాత తర్వాత చాలామంది. మాటలు నేర్చుకున్నట్టే తల ఎత్తకపోవడమూ నేర్చుకున్నారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మాటలన్నీ అనుకరణే అనుకుంటే తప్పు. మూడేళ్ళ పాప ఒకతె "నా చెయ్యిలు కడుక్కున్నా" అనేది. ‘చేతులు’ అనే మాటే చుట్టూ వినబడేది, ‘చెయ్యిలు’ అన్న పెద్దవాళ్ళెవరూ లేరు. విన్న మాటల్లోంచి సూత్రం తనే లాగి, తనే అతికించింది. దిద్దొద్దనేవారు పెద్ద టీచరుగారు. "అవునా, చేతులు కడుక్కున్నావా?" అని తిరిగి అంటే చాలు. కొన్నాళ్ళకి దానంతటదే సర్దుకునేది.

మొహం చూసి భయం

పెరటి వైపు తలుపు కింద నుంచి పురుగులు వచ్చేవి. నల్లటి పేడపురుగులు, సాలీళ్ళు. పురుగుని చూడగానే రెండేళ్ళ బిడ్డ ముందు పురుగుని చూస్తుంది, వెంటనే దగ్గరున్న పెద్దవాళ్ళ మొహం చూస్తుంది, మళ్ళీ పురుగుని చూస్తుంది. ఈ మూడు చూపులకీ పట్టే వ్యవధి రెండు మూడు సెకన్లు. ఆ మధ్య చూపులో ఏం కనబడిందో దాన్నిబట్టే బిడ్డ ముందుకి వెళుతుంది, లేదా కొంగు పట్టుకుంటుంది.

1985లో సోర్స్, ఎమ్డీ, కాంపోస్, క్లినర్ట్ దీన్ని గాజు పలక పరిచిన బల్ల మీద చూశారు. గాజు కింద ఓ ముప్ఫై సెంటీమీటర్ల లోతు ఉన్నట్టు కనబడుతుంది, పడిపోయేంత భయంకరమూ కాదు, నిశ్చింతగా పాకేంత చదునూ కాదు. ఏడాది పిల్లలు అంచు దాకా పాకివచ్చి ఆగి, అవతల ఉన్న తల్లి మొహం చూశారు. తల్లి నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటారు. తల్లి భయపడ్డ మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాట లేదు, వద్దన్నది లేదు. మొహం ఒక్కటే.

సూసన్ మినేకా కోతుల మీద చేసిన పని దీనికి ఇంకో అంచు. ప్రయోగశాలలో పెరిగిన కోతులకి పామంటే భయం లేదు. పాముని చూసి బెదిరే కోతిని చూశాక వాటికీ భయం పట్టుకుంది. అదే బెదురు పూలని చూసి పడ్డట్టు వీడియోలో అతికించి చూపిస్తే పూలంటే భయం రాలేదు. అంటే చూసినదల్లా ఒకేలా అంటదు. కొన్నిటికి లోపల నేల ముందే తడిగా ఉంటుంది.

పురుగు వచ్చినప్పుడు మా గదిలో పాటించిన వరస ఇది. ముందు మన ఊపిరి వదలాలి, ఎందుకంటే ఊపిరి బిగబడితే కనుబొమలు లేస్తాయి, బిడ్డ చదివేది వాటినే. తర్వాత బిడ్డ ఎత్తుకి వంగి కూర్చోవాలి. గొంతు తగ్గించి దాని పేరు చెప్పాలి. "పేడపురుగు. నడుస్తోంది చూడు." అట్ట ముక్కతో ఎత్తి బయట వదలాలి. ‘భయపడకు’ అనే మాట వాడొద్దు. అప్పటిదాకా భయం గుర్తు లేని బిడ్డకి కూడా ఆ మాటతో ఇక్కడ భయపడాల్సింది ఏదో ఉందని తెలుస్తుంది. నిజంగా పురుగులంటే వణికే టీచర్లు కొందరుండేవాళ్ళు. వాళ్ళని నటించమనలేదు, నటన పిల్లల దగ్గర నిలవదు. పురుగు వస్తే పక్కటీచరుని పిలిచి, తను రెండడుగులు వెనక్కి జరిగి నిలబడమనేవాళ్ళం.

చూపించే చేతులు

చేసి చూపించడం తేలిక అనుకుంటారు. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగింది అక్కడే.

మొదటి తప్పు ఎదురుగా కూర్చోవడం. ఎదురుగా కూర్చుంటే మన కుడి బిడ్డకి ఎడమ. బూటు తాడు ముడి తిరగబడేది అందుకే. కుడిచేతి బిడ్డకి కుడిచేతి టీచరు పక్కన, అదే దిక్కు చూస్తూ కూర్చోవాలి. ఎడమచేతి బిడ్డ అయితే ఎదురుగానే కూర్చోవాలి, అద్దంలో చూసినట్టు ఉంటుంది. బూటుని ముందు కాలికి వెయ్యకుండా బల్ల మీద పెట్టాలి, మొన బిడ్డకి అవతలి వైపు ఉండేలా. రెండు రంగుల తాళ్ళు వేస్తే ఏది దేని కిందనుంచి వెళ్ళిందో తెలుస్తుంది. మెత్తటి జారుడు తాడు వద్దు, కాస్త బిరుసుగా, బల్లపరుపుగా ఉన్నది కావాలి.

రెండో తప్పు మాట్లాడుతూ చూపించడం. మాట వినగానే బిడ్డ చూపు చేతుల మీంచి లేచి మన నోటి మీదికి వస్తుంది. కాబట్టి, చేతులు కదిలేటప్పుడు నోరు ఆగాలి. చేతులు ఆగాక చెప్పాలి. వేగం మామూలులో నాలుగో వంతు ఉండాలి.

గుండీ అయితే చొక్కా కింది గుండీతో మొదలుపెట్టాలి. మెడ దగ్గరది బిడ్డకి కనబడదు. గుండీని రంధ్రంలోంచి సగం దూర్చి ఇచ్చి, మిగతా సగం లాగమనాలి. అది వచ్చాక, దూర్చడం కూడా ఇవ్వాలి. చివరి మెట్టు ముందు నేర్పి వెనక్కి వెనక్కి రావడం వల్ల ప్రతిసారీ పని పూర్తయిన సంతోషం బిడ్డదే అవుతుంది. మొదటి మెట్టుతో మొదలుపెడితే ప్రతిసారీ మధ్యలో పెద్దలు లాక్కుని పూర్తిచేస్తారు. అప్పుడు బిడ్డ నేర్చుకునేది, తను మొదలుపెట్టినదాన్ని ఎవరో వచ్చి పూర్తిచేస్తారని.

చేతులు కడగడంలో ఓ విషయం మాకు చాలా ఆలస్యంగా దొరికింది. సబ్బు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, ఇరవై సెకన్లు, అన్నీ పద్ధతిగా చూపించాం. పిల్లలు అన్నీ చేసి, చివర తడిచేతులు బట్టలకి తుడుచుకునేవాళ్ళు. తువ్వాలు పక్కనే ఉన్నా సరే. రెండు వారాల పేజీలు తిప్పితే తెలిసింది. ఓ టీచరు పాఠం చెప్పేటప్పుడు తువ్వాలు వాడుతుంది. తక్కిన రోజంతా, హడావిడిలో, తడిచేతులు బట్టలకే రాసుకుంటుంది. రోజుకి ఒకసారి చూసిన తువ్వాలు కంటే పదిసార్లు చూసిన కొంగే గెలిచింది. ఆ టీచరు తప్పని కాదు, అందరం అంతే. తువ్వాలు కొక్కేన్ని కొళాయికి ఇంకో అడుగు దగ్గరగా మార్చాం. పెద్దల చేతులు దానివైపు వెళ్ళాయి, వెనకే చిన్న చేతులూ వెళ్ళాయి.

చూపించకుండా ఉండడం కూడా తెలియాలి. 2011లో ఎలిజబెత్ బొనావిట్జ్ బృందం ఒక బొమ్మ తయారుచేసింది. ఒక గొట్టం లాగితే కీచుమంటుంది, మరోచోట దీపం, ఇంకోచోట సంగీతం, లోపలెక్కడో అద్దం. కొందరికి "ఇదిగో, ఇది ఇలా పనిచేస్తుంది" అని కీచుమనిపించి ఇచ్చారు. కొందరి ముందు అనుకోకుండా కీచుమన్నట్టు చేశారు. పాఠంలా చూసినవాళ్ళు కీచుమనిపిస్తూనే ఉండిపోయారు, మిగతావి తక్కువ కనిపెట్టారు. టీచరు ఒక్కటే చూపించిందంటే ఇంకేం లేదనే కదా అర్థం. ఆ మాట తెలిశాక, కొత్త బొమ్మ వస్తే ఏమీ అనకుండా చాప మీద పెట్టి పక్కకి జరిగేవాళ్ళం.

బొమ్మని కొట్టిన రోజు

ఏ గదిలోనైనా ఈ రోజు వస్తుంది. ఓ బిడ్డ బొమ్మని ఒళ్ళో వేసుకుని, వేలు చూపిస్తూ, పెద్దవాళ్ళ గొంతుతో తిట్టి, కొడుతుంది. గొంతు ఎక్కడ లేవాలో, ఎక్కడ ఆగాలో, కొట్టే ముందు చెయ్యి ఎంత వెనక్కి వెళ్ళాలో అన్నీ కొలతగా ఉంటాయి. చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో 1961లో చూపించింది ఈ కొలతనే. 72 మంది పిల్లలు. కొందరి ముందు ఒక పెద్దమనిషి ఐదడుగుల గాలిబొమ్మని పడుకోబెట్టి ముక్కు మీద గుద్దాడు, సుత్తితో తల మీద కొట్టాడు, ఎగరేసి తన్నాడు. తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినీ వేరే గదిలో ఇరవై నిమిషాలు వదిలి, ఒకవైపు నుంచే కనబడే అద్దంలోంచి, ఐదేసి సెకన్లకి ఒకసారి లెక్కన 240 సార్లు రాసుకున్నారు. గుద్దులు చూసినవాళ్ళు అవే గుద్దులు గుద్దారు, అవే మాటలు అన్నారు. 1965లో ఆయన ఇంకోటి కలిపాడు. కొట్టినవాడికి శిక్ష పడినట్టు ఫిల్ములో చూసిన పిల్లలు తక్కువ కొట్టారు. కానీ ‘ఏం చూశావో చేసి చూపిస్తే బహుమానం’ అనగానే వాళ్ళూ మిగతావాళ్ళంతగానే చేసి చూపించారు. శిక్ష చూసినందువల్ల నేర్చుకోవడం ఆగలేదు, చెయ్యడం ఆగింది. నేర్చుకున్నది లోపల ఉండనే ఉంది.

బొమ్మని కొట్టే బిడ్డని చూసి ఇంట్లో ఇలా జరుగుతోందని వెంటనే తేల్చెయ్యొద్దు. టీవీ కావచ్చు, పక్కింటివాళ్ళు కావచ్చు, మన గదిలోనే ఇంకో బిడ్డ ఆట కావచ్చు. ఆ క్షణంలో ప్రశ్నలు వెయ్యొద్దు, ‘ఎవరు చేశారమ్మా ఇలా’ అంటే ఆట ఆగిపోతుంది. అన్నది అన్నట్టు రాసుకోవాలి. మళ్ళీ మళ్ళీ అదే ఆట వస్తోందా, ఆట బయట కూడా చెయ్యి లేస్తే ఆ బిడ్డ ముడుచుకుపోతోందా చూసుకోవాలి. అలాంటిదేదైనా కనబడితే ఒక్కరే మోయకూడదు, ఆ రోజే పెద్దవాళ్ళకి చెప్పాలి. మామూలు రోజుల్లో చేసేది ఇంకోటి. మరో బొమ్మ తీసుకుని పక్కన కూర్చోవడం. మన బొమ్మ నీళ్ళు ఒలకబోస్తుంది. మనం దానికి గుడ్డ ఇచ్చి "రా, తుడుద్దాం" అంటాం. పాఠం చెప్పకుండా, ఆ బిడ్డ వైపు చూడకుండా. కొన్ని రోజులకి ఆ బిడ్డ బొమ్మ చేతిలోకీ గుడ్డ వస్తుంది. ఎప్పుడూ వస్తుందని చెప్పలేను గానీ వచ్చిన పేజీలు చాలా ఉన్నాయి.

చెప్పిన మాట, చేసిన పని

క్రేయాన్లు పంచుకోమని రోజూ చెప్పేవాళ్ళం. పిల్లలూ ఒకరికొకరు ఆ మాట చెప్పుకునేవాళ్ళు, క్రేయాన్ల డబ్బా మాత్రం ఒళ్ళో దాచుకుని. బ్రయన్, వాల్బెక్ 1970లో ఇదే చూశారు. ఆటలో గెలిచిన బహుమతుల్లో కొంత ఇవ్వాలని ఒక పెద్దమనిషి చెబుతాడు, తను మాత్రం ఇవ్వడు. ఇంకొకరు వేరేలా చెబుతారు, వేరేలా చేస్తారు. పిల్లలు ఇవ్వడం దగ్గర అతని చేతిని అనుసరించారు, మాట్లాడేటప్పుడు అతని నోటిని అనుసరించారు. రెండూ నేర్చుకున్నారు, వేరువేరుగా. టీచర్ల బల్ల మీద ఉండే మంచి కత్తెరని మేం ఎవరికీ ఇవ్వడం లేదని గుర్తించడానికి చాలా రోజులు పట్టింది.

చిన్నపిల్లలు ఎవరి మాటైనా నమ్మేస్తారనేదీ పూర్తిగా నిజం కాదు. తెలిసిన వస్తువుల పేర్లు తప్పు చెప్పిన మనిషిని మూడు నాలుగేళ్ళ పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. తెలియని వస్తువు పేరు అడగాల్సి వస్తే సరిగ్గా చెప్పినవాళ్ళనే అడుగుతారు. కోనిగ్, క్లెమాన్, హారిస్ 2004లో దీన్ని తేల్చారు. హడావిడిలో గిన్నెని గ్లాసనే టీచరుని మా పిల్లలు పక్షుల పేర్లు అడిగేవాళ్ళు కారు.

మూడేళ్ళు నిండగానే ఇంకో మలుపు. చూసి నేర్చుకున్నది ‘ఇలా చేస్తారు’ నుంచి ‘ఇలాగే చెయ్యాలి’ అయిపోతుంది. రకోట్సీ, వార్నెకెన్, టొమాసెల్లో 2008లో పిల్లలకి ఓ కొత్త ఆట చూపించి, తర్వాత చేతికి తొడిగి ఆడించే ఒక బొమ్మ చేత దాన్ని తప్పుగా ఆడించారు. మూడేళ్ళవాళ్ళు "అలా కాదు!" అని అడ్డుపడ్డారు. ఆ నియమం పెట్టి ఎంతోసేపు కాలేదు. మా కొక్కేల వరసలో ఈ కేక రోజూ వినబడేది. కొత్తగా చేరిన బాబు సంచి ఎర్ర కొక్కేనికి తగిలించగానే నలుగురు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఎర్ర కొక్కెం చొక్కాలకే అని మేమెప్పుడూ చెప్పలేదు. ఎప్పుడో ఒక వానరోజు తడిసిన చొక్కాలు అక్కడ ఆరేశాం.

చీకటి పడే వేళకి

నోటుపుస్తకాలు మళ్ళీ అరలో పెట్టేసరికి పిల్లలు ఆఖరి పనిలో ఉన్నారు, ఎండుటాకులు కాగితానికి అంటిస్తూ. సీసాలు లేవు. ఇప్పుడు గ్లూ స్టిక్‌లు. గట్టి గమ్ము, అడుగు తిప్పితే పైకి వస్తుంది. దిగాల్సింది ఏమీ లేదు, అడ్డుపడే మూతీ లేదు.

చేరి ఏడాది కూడా కాని టీచరు ఓ స్టిక్ తీసింది. మాటల మధ్యలో, చూడకుండానే, దాన్ని బల్ల అంచుకి తట్టింది. టక్, టక్, టక్. మూత తీసింది. చుట్టూ ఉన్న పిల్లలూ అంతే. బల్ల అంతా టక్ టక్‌లు.

నా పక్కనున్న పాప తన స్టిక్ నాకిచ్చి ఆకు చూపించింది. మూత మీద వేళ్ళు వేశాను.

"ఊహూఁ," అంది చెయ్యి పట్టుకుని. "ముందు తట్టాలి."